పొడవాటి డచ్ సమాసాలు: ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనాలి?

(ఇది కొందరి మధ్య జరిగిన చర్చ. అంకె పక్కన ఉన్నది ఆ మాటలు రాసినవారి కలం పేరు.)

1. వెన్నెలగట్టు

నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చినవాళ్ల చేతికి మొదట అందే కాగితాల్లోనే ఈ మాటలు ఉంటాయి. నివాస అనుమతిని 'వర్బ్లెయ్ఫ్స్‌వర్ఖున్నింగ్' అంటారు, ఆరోగ్య బీమాని 'జొర్ఖ్‌వర్జేకరింగ్' అంటారు, స్థిరపడేవాళ్లు రాయాల్సిన పరీక్షని 'ఇన్‌బుర్ఖరింగ్స్‌ఎక్సామన్' అంటారు. పని చేయలేని స్థితి వస్తే ఆదుకునే బీమా పేరు 'అర్బెయ్ట్స్‌ఒన్ఖస్ఖిక్ట్‌హెయ్ట్స్‌వర్జేకరింగ్'. డచ్ రాతలో ఈ చివరిది 33 అక్షరాలు, మధ్యలో ఒక్క ఖాళీ ఉండదు.

రెండు ప్రశ్నలు. ఇలాంటి మాట కనపడగానే సిలబుళ్లుగా (ఒక్క అచ్చు చుట్టూ ఒక్క ఊపులో పలికే ముక్కలుగా) ఎలా విడగొట్టాలి? విడగొట్టాక దేన్ని నొక్కి పలకాలి? తెలుగులో సిలబుళ్లన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం, అర్థానికి ఇబ్బంది రాదు. డచ్‌లో అలా పలికితే ఎదుటివాళ్లు 'ఏమన్నారూ?' అని మళ్లీ అడుగుతారు. పరీక్షకి చదివేవాళ్లకి పనికొచ్చే పద్ధతి కావాలి.

2. అతుకులబొంత

ముందు గుర్తులు చెప్పుకుందాం. ఊనిక అంటే నొక్కి పలకడం. 'ఎస్', 'డీ', 'ఏ', 'ఈ' లాంటివి రోమన్ అక్షరాల పేర్లు. ప్రధాన ఊనిక ఉన్న సిలబుల్‌ని [ ] లో, రెండో స్థాయి ఊనికని ( ) లో పెడదాం. 'ఖ' అని రాసినచోట మన ఖకారం కాదు, గొంతు గీరినట్టు వచ్చే గాలి శబ్దం. 'ఔయ్' అన్నది 'హౌయ్స్' (ఇల్లు) లో వచ్చే అచ్చు. ఊనిక లేనప్పుడు తేలిపోయే 'ఈ' అక్షరాన్ని అకారంతోనే రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. సిలబుళ్లు వెతకొద్దు, అతుకులు వెతకండి. ఏ పదం మీద ఏ పదం కుట్టారో తెలిస్తే సిలబుళ్లు, ఊనిక, అచ్చుల పొడవు అన్నీ వాటంతటవే తేలతాయి.

కుడి చివర నుంచి మొదలుపెట్టండి. మన తత్పురుషలాగే ఇక్కడా చివరి పదమే తల, అసలు అర్థం దానిదే. పైన ఇచ్చిన 33 అక్షరాల మాటకి తల 'వర్జేకరింగ్', అంటే బీమా. కాబట్టి మొత్తం మాటకి ఆర్టికల్ 'డ' (లింగాన్ని బట్టి నామవాచకం ముందు 'డ' గానీ 'హెట్' గానీ వస్తుంది). 'ఇన్‌బుర్ఖరింగ్స్‌ఎక్సామన్'కి తల 'ఎక్సామన్', దానికి 'హెట్' కాబట్టి మొత్తానికీ 'హెట్'. ఎడమవైపు ఎన్ని పదాలు చేరినా లింగం మారదు, బహువచనం కూడా తలకే తగులుతుంది.

తలని పక్కన పెట్టాక మిగిలినదాంట్లో రెండు పదాల్ని కలిపే లంకె 'ఎస్' కోసం చూడండి. 'ఇంగ్', 'హెయ్ట్', 'స్ఖప్', 'టెయ్ట్' అనే ప్రత్యయాల వెంటనే 'ఎస్' ఉంటే అక్కడ అతుకు ఉన్నట్టే. ఇన్‌బుర్ఖరింగ్స్ + ఎక్సామన్. ఒన్ఖస్ఖిక్ట్‌హెయ్ట్స్ + వర్జేకరింగ్. ఈ 'ఎస్' ఎప్పుడూ ఎడమ పదంతోనే పోతుంది, కుడి పదంలోకి రాదు. 'కిండర్', 'ఎయర్' లాంటి మాటల్లోని 'అర్', 'పన్నన్‌కుక్' (పెనం మీద పోసే పల్చటి కేకు, మన అట్టుకి చుట్టం) లోని 'అన్' కూడా అంతే.

తర్వాత ముందుచేర్పులు. 'వర్', 'బ', 'ఖ', 'ఒంట్' మాట మధ్యలో కనిపిస్తే చాలాసార్లు అక్కడ కొత్త పదం మొదలైనట్టు లెక్క.

అలా చూస్తే మన పెద్ద మాట ఇది: అర్బెయ్ట్ (పని) + ఎస్ + ఒన్ఖస్ఖిక్ట్‌హెయ్ట్ (అనర్హత) + ఎస్ + వర్జేకరింగ్. ఇప్పుడు ఒక్కో ముక్కని విడిగా విడగొట్టండి:

[అర్]-బెయ్ట్స్-(ఒన్)-ఖ-స్ఖిక్ట్-హెయ్ట్స్-వర్-(జే)-క-రింగ్

పది సిలబుళ్లు. మూడు పదాలుగా చూస్తే భయం పోతుంది.

3. కాగితంపడవ

ఒక హెచ్చరిక కలుపుతాను. ప్రతి 'ఇంగ్' వెంటా 'ఎస్' రాదు. 'బలస్టింగ్‌ఆన్ఖిఫ్ట' (పన్ను రిటర్ను) లో 'బలస్టింగ్' తర్వాత నేరుగా 'ఆన్ఖిఫ్ట' వచ్చేస్తుంది. అతుకు తెలియనివాళ్లు 'టిన్-ఖాన్' అని చదివేస్తారు. సరైనది బ-[లస్]-టింగ్-(ఆన్)-ఖిఫ్-ట.

దీనికి తిరగేసిన పొరపాటు 'బడ్రెయ్ఫ్స్‌టక్' (పరిశ్రమ విభాగం). ఇక్కడ 'ఎస్' లంకె, తల 'టక్' (కొమ్మ). 'స్టక్' అనే నామవాచకం వెతికితే దొరకదు. ఎటు పోవాలో తేలకపోతే రెండు రకాలుగానూ విడగొట్టి, రెండు ముక్కలూ నిఘంటువులో ఉన్న దారినే పట్టుకోండి.

4. గణవిభజన

పద్యానికి గణాలు కట్టేటప్పుడు పదం ఎక్కడ ముగిసిందో మనం పట్టించుకోం. హల్లు పక్క అచ్చుతో కలిసిపోతుంది, గురులఘువులు శబ్దాన్ని బట్టి వస్తాయి. ఆ అలవాటుతో 'కిండర్‌ఒప్ఫంగ్' (పిల్లల సంరక్షణ కేంద్రం) ని కిన్-డ-రొప్-ఫంగ్ అని విడగొట్టాలనిపిస్తుంది. అది ఎందుకు తప్పు? రాతకి మాత్రమే తప్పా, పలుకుకి కూడానా?

5. ధ్వనిదీపం

రాతలో, అంటే పంక్తి చివర గీత పెట్టి విరిచేటప్పుడు, కచ్చితంగా తప్పు: కిన్-డర్-ఒప్-ఫంగ్ అనే విరవాలి. వేగంగా మాట్లాడేటప్పుడు 'ర్' కాస్త జారుతుంది గానీ, జాగ్రత్తగా పలికే డచ్‌లో సమాసంలోని ప్రతి పదం తనకంటూ గోడ కట్టుకుని ఉంటుంది. కుడి పదం అచ్చుతో మొదలైతే దాని ముందు గొంతులో చిన్న ఆపు కూడా వినపడుతుంది.

గోడ ఉందనడానికి మంచి సాక్ష్యం పదాంతపు 'డీ'. డచ్‌లో పదం చివర 'డ్' పలకదు, 'ట్' అవుతుంది. 'రోట్' అంటే ఎరుపు, రాతలో చివర 'డీ'. దానికి 'అ' చేరిస్తే 'రో-డ'. ఇక్కడ 'డ్' తర్వాతి సిలబుల్‌కి పోయింది కాబట్టి డకారంగానే నిలిచింది. అదే పదానికి 'అఖ్టఖ్' (లాంటి) అనే ప్రత్యయం చేరిస్తే 'రోట్-అఖ్టఖ్', అంటే ఎర్రటి ఛాయ. అచ్చు పక్కనే ఉన్నా 'ట్' మళ్లీ 'డ్' కాలేదు. ఆ ప్రత్యయానికీ గోడ ఉందన్నమాట, పంక్తి చివర విరుపూ అక్కడే.

స్నానానికి వాడే నూనె 'బట్‌ఓలి' ఇంకా గట్టి ఉదాహరణ. 'బట్' (స్నానం, రాతలో చివర 'డీ') + 'ఓలి'. అతుకు గమనించక 'బా-డోలి' అని చదివితే రెండు తప్పులు ఒక్కసారే పడతాయి: 'ట్' కాస్తా 'డ్' అయింది, పొట్టి అచ్చు కాస్తా దీర్ఘమైంది. వినేవాళ్లకి ఆ మాటలో స్నానం కనపడదు.

ఒకే హల్లుల గుంపు అతుకు దగ్గర ఒకలా, పదం లోపల ఒకలా విరుగుతుంది. కళాకారుణ్ని 'కున్-స్ట-నార్' అని విరవాలి, ఎందుకంటే 'స్ట్' తో డచ్ పదం మొదలవగలదు, తర్వాతి పంక్తికి పోగలదు. కళల అకాడమీని మాత్రం 'కున్స్ట్-ఆకాడేమీ' అని విరవాలి, అక్కడ గోడ ఉంది.

6. వెన్నెలగట్టు

అచ్చు దీర్ఘమవడం ఎలా? రాతలో ఒక్క 'ఏ' అక్షరమే కదా?

7. ధ్వనిదీపం

ఇది తెలియకుండా డచ్ చదవలేం, అందుకే వివరంగా చెప్తాను. సిలబుల్ అచ్చుతో ముగిస్తే రాతలో ఒక్క అచ్చే ఉన్నా దీర్ఘం. హల్లుతో మూసుకుంటే, ఒక్క అచ్చు పొట్టిది. మూసుకున్న సిలబుల్లో దీర్ఘం కావాలంటే అచ్చుని రెండుసార్లు రాస్తారు.

చంద్రుడు 'మాన్', రాతలో రెండు 'ఏ'లు. బహువచనంలో మా-నన్ అని తెరుచుకుంటుంది కాబట్టి ఒక్క 'ఏ' చాలు. మనిషి 'మన్', ఒక్క 'ఏ'. బహువచనంలో పొట్టి అచ్చు నిలవాలంటే సిలబుల్ మూసి ఉండాలి, అందుకని 'ఎన్' ని రెండుసార్లు రాసి మన్-నన్ చేస్తారు.

ఇక్కడే తెలుగువాళ్లు జారతారు. రాతలో జంట హల్లు కనపడగానే మనకి ద్విత్వం గుర్తొస్తుంది. డచ్‌లో ద్విత్వం లేదు. ఆ రెండో అక్షరం అచ్చు పొట్టిదని చెప్పడానికే. రొట్టెలు కాల్చేవాడిని 'బక్కర్' అని ఒత్తి పలకొద్దు, 'బకర్' అనండి, క ఒక్కటే. విరుపు మాత్రం రెండు 'కే'ల మధ్యన వేస్తారు. మన 'వర్ఖున్నింగ్' లో కూడా నకారం ఒక్కటే వినపడాలి. రాతకి దగ్గరగా ఉండాలని ఇక్కడ ద్విత్వంతో రాస్తున్నాం, నోటితో ద్విత్వం చేయొద్దు.

8. గణవిభజన

అర్థమైంది. మరి ఊనిక? మొదటి పదం మొదటి సిలబుల్ మీదే అనుకోవచ్చా?

9. అతుకులబొంత

మొదటి పదం మీద, అవును. మొదటి సిలబుల్ మీద అని కాదు. మొదటి పదం ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కడ ఊనుతుందో సమాసంలోనూ అక్కడే. రెండో పదం తన ఊనికని పోగొట్టుకోదు, ఒక మెట్టు దిగుతుంది.

వర్-[బ్లెయ్ఫ్స్]-వర్-(ఖున్)-నింగ్
[జొర్ఖ్]-వర్-(జే)-క-రింగ్
[ఇన్]-బుర్-ఖ-రింగ్స్-ఎక్-(సా)-మన్
ఖ-[మేన్]-ట-(హౌయ్స్)

చివరిది పురపాలక కార్యాలయం. 'వర్', 'బ', 'ఖ' ముందుచేర్పుల్లో ఉన్నది తేలిపోయే అచ్చు, అది ఊనిక మోయదు. అందుకే 'వర్బ్లెయ్ఫ్స్‌వర్ఖున్నింగ్'లో మొదటి సిలబుల్‌ని నొక్కితే వినేవాళ్లకి అది డచ్ మాటలా ఉండదు. తేలిపోయే సిలబుళ్లని నిజంగానే తేల్చేయండి. మనం వాటికి నిండుగా 'ఎ' పలుకుతాం, 'వెర్‌బ్లెయ్ఫ్స్‌వెర్ఖున్నింగ్' అని. దాంతో ఊనిక ఉన్న సిలబుల్‌కి ఎత్తు రాదు. పెద్దగా అరవడం కన్నా, పక్క సిలబుళ్లని కుదించడం వల్లే ఊనిక బాగా తెలుస్తుంది.

10. నాగమల్లి

మొదటి పదం మీదే అనే సూత్రం అన్నిటికీ పనిచేయదండీ. రోడ్లు, నీటి మార్గాలు చూసే ప్రభుత్వ సంస్థ, 1798 నుంచి ఉన్నది, 'రెయ్క్స్‌వాటర్‌స్టాట్'. దాన్ని అందరూ రెయ్క్స్-[వా]-టర్-స్టాట్ అనే అంటారు, 'రెయ్క్స్' మీద ఊనరు.

11. కాగితంపడవ

కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యూజియం [రెయ్క్స్]-మ్యు-(జే)-యమ్. అదే 'రెయ్క్స్' (రాజ్యపు). ఒకచోట ఊనిక దిగిపోయి, ఇంకోచోట నిలిచిందంటే కారణం ఉండాలి.

12. అతుకులబొంత

మంచి జత పెట్టారు. తేడా లోపలి కట్టుబాటులో ఉంది. మ్యూజియం ఒంటి పదం. 'వాటర్‌స్టాట్' అప్పటికే ఒక సమాసం, దానికి 'రెయ్క్స్' వచ్చి చేరింది. కుడి భాగం తానే సమాసమైతే ప్రధాన ఊనిక దాని మొదటి పదానికి జారే అవకాశం ఉంది. ఎడమ భాగం సమాసమై కుడివైపు ఒంటి పదం ఉంటే ఊనిక కదలదు, మొదటి పదం మీదే ఉంటుంది: [కిన్]-డర్-(ఒప్)-ఫంగ్-టు-స్లఖ్ (సంరక్షణ ఖర్చుకి వచ్చే భృతి). ఇక్కడ 'కిండర్‌ఒప్ఫంగ్' ముందు కట్టుకుంది, 'టుస్లఖ్' తర్వాత చేరింది. జారడం 'అవకాశం' అన్నానే గానీ నియమం అనలేదు. కుడివైపు సమాసం ఉన్న ప్రతిచోటా జారదు, అందుకే అలాంటి మాటలకి నిఘంటువు చూడక తప్పదు.

రెండో గుంపు: విశేషణం + నామవాచకం కలిసి పేరుగా స్థిరపడ్డవి. ఇవి పదబంధంలాగే రెండోదాని మీద ఊనుతాయి. హో-ఖ-[స్ఖోల్] (వృత్తివిద్యా కళాశాల), రో-డ-[కోల్] (ఎర్ర క్యాబేజీ), బ్లిన్-డ-[డర్మ్] (అపెండిక్స్ ఉండే పేగు). వీటికి ఇంకో పదం తగిలినా ఆ ఊనికే నిలుస్తుంది: అపెండిసైటిస్‌ని బ్లిన్-డ-[డర్మ్]-ఒంట్-(స్టే)-కింగ్ అంటారు. బహుళ వ్యక్తిత్వ రుగ్మత పేరు డచ్ రాతలో 35 అక్షరాలు, పలుకులో పది సిలబుళ్లు. ప్రధాన ఊనిక ఆరో సిలబుల్‌కి గానీ రాదు:

మేర్-వౌ-డ-ఖ-పర్-[సోన్]-లక్-హెయ్ట్-(స్టోర్)-నిస్

రాతలో హెయ్ట్ తర్వాత లంకె 'ఎస్' ఒకటి, 'స్టోర్నిస్' సొంత 'ఎస్' ఒకటి, మొత్తం రెండు. పలికేటప్పుడు రెండూ కలిసి ఒక్కటే. విరిస్తే మొదటిది ఎడమకి, రెండోది కుడికి.

మూడో గుంపు కంఠతా పట్టాల్సిందే: స్టట్-[హౌయ్స్] (నగర భవనం), బుర్-ఖ-[మేస్]-టర్ (మేయరు), బూ-రన్-[కోల్] (చలికాలపు ఆకుకూర). ఊళ్ల పేర్లలో అమ్-స్టర్-[డమ్], రొట్-టర్-[డమ్], అమ్-స్టల్-[వేన్], జూ-టర్-[మేర్] చివర ఊనేవి. [ఎయ్న్ట్]-హో-వన్ మాత్రం మొదట్లో. మనవాళ్లు 'ఐండ్‌హోవెన్' అని మూడు సిలబుళ్లూ సమానంగా అంటారు గానీ 'హో' తర్వాతది పూర్తిగా తేలిపోవాలి.

13. నాగమల్లి

ప్రత్యయాలు లాగేసేవి కూడా ఉన్నాయి. 'అఖ్', 'లక్' విశేషణ ప్రత్యయాలు చేరితే ఊనిక వాటి ముందు సిలబుల్‌కి వచ్చేస్తుంది:

[ఆన్]-డఖ్ట్ (శ్రద్ధ), ఆన్-[డఖ్]-టఖ్ (శ్రద్ధగల)
[నోట్]-లొట్ (విధి), నోట్-[లొట్]-టఖ్ (ప్రాణాంతకమైన)
[హర్ట్స్]-టొఖ్ట్ (ఆవేశం), హర్ట్స్-[టొఖ్]-ట-లక్ (ఆవేశపూరితమైన)

'హెయ్ట్', 'లోస్', 'స్ఖప్' లాగవు. 'రెయ్', 'టెయ్ట్', స్త్రీలింగపు 'ఇన్' తమ మీదకే లాక్కుంటాయి: బక్-క-[రెయ్] (బేకరీ), కో-ని-[ఙిన్] (రాణి). వీటితో సమాసం కడితే ముందు ఈ మార్పు చేసి, ఆ తర్వాత అతుకులబొంత గారు చెప్పిన మెట్లు ఎక్కాలి.

14. శ్లేషచంద్రిక

మనకి సభంగశ్లేష ఉన్నట్టే డచ్‌లోనూ ఒకే అక్షరాల వరుస రెండు చోట్ల విరిగి రెండు అర్థాలిస్తుంది. అతుకు ఎంత ముఖ్యమో వీటితో చెప్తే ఎవరికైనా గుర్తుండిపోతుంది.

చెర్రీ టమాటాలు: [కెర్స్]-టో-(మా)-చస్. అవే అక్షరాలు ఇంకోచోట విరిస్తే క్రిస్మస్ బామ్మలు: [కెర్స్ట్]-(ఓ)-మా-చస్. 'కెర్స్' చెర్రీ, 'కెర్స్ట్' క్రిస్మస్. రెండో స్థాయి ఊనిక ఎలా కదిలిందో చూడండి. టమాటాకి 'మా' మీద ఊనిక, బామ్మకి ('ఓమా') 'ఓ' మీద.

ఇంకొకటి: మస్-[సా]-జ-(బెట్) అంటే మర్దన చేయించుకునే మంచం. [మస్]-సా-ఖ-(బెట్) అంటే సామూహిక ప్రార్థన. ఇక్కడ ఊనికతో పాటు హల్లు శబ్దం కూడా మారింది. ఫ్రెంచి నుంచి వచ్చిన 'మస్సాజ' లో అది మెత్తటి జకారం, ప్రార్థన అనే డచ్ మాటలో గొంతు గీరే ఖకారం.

[డెయ్క్]-రంప్ (గట్టు తెగిన విపత్తు), [డెయ్]-క్రంప్ (తొడ పట్టేయడం). క్వర్ట్-స్లాఖన్ (పావు తిప్పులు), క్వర్ట్స్-లాఖన్ (క్వార్ట్జ్ పొరలు). చివరి జత చెవికి దాదాపు ఒకేలా ఉంటుంది, వాక్యమే తేల్చాలి.

15. అచ్చుకూర్పు

పుస్తకాలు, కరపత్రాలు కూర్చేవాళ్లకి విరుపు నియమాలు కొన్ని. డచ్ అధికారిక వర్ణక్రమం ఉన్న 'పచ్చ పుస్తకం' ప్రతి మాటకీ విరుపు చోట్లు చూపిస్తుంది. 1995, 2005, 2015 కూర్పులు వాడుకలో చూస్తుంటాం, కొత్తదే ప్రమాణం.

ఒక్క అక్షరాన్ని పంక్తి చివరగానీ మొదట్లోగానీ ఒంటరిగా వదలకూడదు. 'ఓమా' రెండు సిలబుళ్లే అయినా విరవడానికి వీల్లేదు. 'ఆలినేయా' (పేరా) ని ఆలి-నేయా అనే విరవాలి.

'సీ-హెచ్' జంట విడిపోదు, ఒకే హల్లుగా తర్వాతి పంక్తికి పోతుంది: ల-ఖన్ (నవ్వడం). 'ఎన్-జీ' జంటకి మాత్రం పలుకులో ఒకటే అనునాసికం ఉన్నా రాతలో రెండిటి మధ్యనే విరుపు: 'జిఙన్' (పాడటం) అని పలికే మాటలో 'ఎన్' పైన ఉండిపోతుంది, 'జీ' కిందికి దిగుతుంది. ఇక్కడ రాత విరుపు చూసి పలుకు విరవొద్దు.

అచ్చు మీద రెండు చుక్కలు ఉన్నచోట విరిస్తే చుక్కలు తీసేయాలి. అవి 'ఇక్కడ కొత్త సిలబుల్' అని చెప్పడానికే కదా, విరుపు గీతే ఆ పని చేసేస్తుంది. 'సముద్రాలు' అన్న మాట (జే-అన్) అలాంటిదే. సమాసంలో అచ్చులు ఢీకొంటే 1995 సంస్కరణ నుంచి చుక్కలు కాదు, అడ్డగీత వాడతారు: 'జే-ఏంట్' (సముద్రపు బాతు). సంఖ్యల్లో మాత్రం చుక్కలు అలాగే ఉన్నాయి.

అల్పార్థకాల్లో (చిన్నదనో ముద్దుగానో చెప్పే రూపాల్లో) ఇంకో తిరకాసు. 'ఓమాచ' (చిన్న బామ్మ) ని రాసేటప్పుడు దీర్ఘం కోసం 'ఏ' రెండుసార్లు రాస్తారు. విరిస్తే ఆ రెండో 'ఏ' పోయి మళ్లీ 'ఓమా' మిగులుతుంది, తర్వాత గీత, కింద 'చ'. సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇక్కడ బోల్తా పడతాయి, ఎందుకంటే అవి గీత పెట్టగలవు గానీ అక్షరం తీసేయవు.

పొడవాటి మాటకి విరుపు చోట్లు చాలా ఉన్నా పెద్ద అతుకు దగ్గర విరవడమే చదువరికి సుఖం. 33 అక్షరాల మాటని 'వర్జేకరింగ్' ముందు విరిస్తే రెండు పంక్తుల్లోనూ పూర్తి పదాలు కనిపిస్తాయి. 'వర్జే' దగ్గర విరవడం నియమం ప్రకారం తప్పు కాదు గానీ కంటికి అడ్డం.

16. వెన్నెలగట్టు

వెబ్ పేజీలో డచ్ మాటలు వింతగా విరుగుతున్నాయి. 'కిండర్‌ఒప్ఫంగ్' గణవిభజన గారు భయపడినట్టే 'డ-రొప్' దగ్గర తెగుతోంది.

17. అచ్చుకూర్పు

ముందు పేజీ భాష ఇంగ్లిషు అని ప్రకటించి ఉందేమో చూడండి. బ్రౌజరు ఆ ప్రకటన చూసే, ఎక్కడ విరవొచ్చో చెప్పే నమూనాల పట్టీ ఎంచుకుంటుంది. డచ్ పేరాకి డచ్ భాషా సంకేతం విడిగా ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. టెక్ (TeX అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు డచ్ నమూనాలు ఎక్కించాలి. ఆ అమరికలో విరుపుకి ముందు కనీసం 2 అక్షరాలు, తర్వాత కనీసం 2 ఉంటాయి.

ఈ నమూనాల వెనకున్నది స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ 1983లో సమర్పించిన పద్ధతి. అక్షరాల మధ్య అంకెలు పెడతారు. ఒక చోట పోటీపడే అంకెల్లో పెద్దది గెలుస్తుంది. అది బేసి అయితే విరవొచ్చు, సరి అయితే వద్దు. యంత్రానికి అర్థం తెలియదు, అక్షరాల పొరుగు మాత్రమే తెలుసు. అందుకే జాబితాలో లేని కొత్త సమాసంలో అతుకు తప్పిపోతుంది, చెర్రీ టమాటాల దగ్గర బామ్మలు వచ్చేస్తారు. అలాంటి మాటలో అతుకు దగ్గర మీరే కనపడని మెత్తటి హైఫన్ (సాఫ్ట్ హైఫన్) పెట్టండి. పంక్తి చివరికి వస్తేనే గీత కనిపిస్తుంది, లేకపోతే కనపడదు.

18. ధ్వనిదీపం

అతుకు దగ్గర హల్లులు ఏమవుతాయో ఎవరూ చెప్పలేదు. సంస్కృత సంధులు చదివినవాళ్లకి ఇది తేలిక. 'వాక్ + దేవి' కలిస్తే 'వాగ్దేవి'. డచ్‌లో 'జక్' (జేబు) + 'డుక్' (గుడ్డ) కలిస్తే [జగ్]-డుక్, చేతిరుమాలు. రాతలో 'కే' అలాగే ఉంటుంది, పలుకులో గకారం. డచ్ సొంత మాటల్లో మన గకారం వినపడేది ఇలాంటి అతుకుల దగ్గరే. 'బ్', 'డ్' కుడి పదం మొదట్లో ఉంటే ఎడమ హల్లుని ఇలా నాదంలోకి (గ, డ, బ ల్లా గొంతు మోగే పలుకులోకి) లాగుతాయి: ఫుట్‌బాల్ [వుడ్]-బల్ అవుతుంది.

ఊదుడు హల్లులు (గాలి రాసుకుంటూ వచ్చే వ్, జ్, ఫ్, స్ లాంటివి) దీనికి తిరగబడతాయి. కుడి పదం 'వ్', 'జ్' తో మొదలై ఎడమన శ్వాసహల్లు (క, ట, స లాగా గొంతు మోగనిది) ఉంటే, కుడిదే లొంగిపోతుంది. 'హౌయ్స్' + 'వౌయ్ల్' (చెత్త) పలుకులో [హౌయ్స్]-ఫౌయ్ల్. 'వుట్' (పాదం) + 'జోల్' (అడుగు) పలుకులో [వుట్]-సోల్.

ఒకే తావులో పుట్టే హల్లులు ఎదురెదురైతే కలిసిపోతాయి. తువాలు 'హంట్' + 'డుక్', పలికేది [హన్]-డుక్. 1932లో పూర్తయిన 32 కిలోమీటర్ల కట్ట 'అఫ్‌స్లౌయ్ట్‌డెయ్క్' నోట్లో [అఫ్]-స్లౌయ్-(డెయ్క్) అవుతుంది, టకారం వినపడదు. విరుపు మాత్రం రాత ప్రకారమే, 'ట్' తర్వాత.

హల్లుల గుంపుల మధ్య అచ్చు చొప్పించడం మన పెద్ద అలవాటు. భయపు కేకని 'అంగ్స్ట్‌స్ఖ్రేవ్' అంటారు, రాతలో ఎనిమిది హల్లులు వరుసగా ఉంటాయి. 'అంగుస్టు-సుఖ్రేవ్' అన్నామా, రెండు సిలబుళ్ల మాట అయిదయిపోతుంది, ఊనిక ఎక్కడో తప్పిపోతుంది. సాధనకి ఎడమ పదం ఒక్కటే పది సార్లు, కుడి పదం ఒక్కటే పది సార్లు పలికి, తర్వాత మధ్య విరామం తగ్గిస్తూ కలపండి. చివర ఉకారం రాకుండా చూసుకోండి.

19. శ్లేషచంద్రిక

క్రియల్లో ఊనిక వ్యాకరణాన్నే మార్చేస్తుంది. [వోర్]-కో-మన్ అంటే సంభవించడం, వోర్-[కో]-మన్ అంటే నివారించడం. మొదటిది వాక్యంలో రెండు ముక్కలై విడిపోతుంది, భూతకాల కృదంతంలో (పని అయిపోయిందని చెప్పే రూపంలో) మధ్యలో 'ఖ' చేరుతుంది. రెండోది విడిపోదు, 'ఖ' చేరదు. [ఒన్]-డర్-ఖాన్ సూర్యుడు అస్తమించడం, ఒన్-డర్-[ఖాన్] ఏదైనా అనుభవానికి లోనవడం. రాతలో తేడా చూపించాల్సి వస్తే ఊనిక ఉన్న అచ్చు మీద కుడివైపుకి వాలిన గీత పెట్టడం డచ్ వర్ణక్రమం ఒప్పుకున్న పద్ధతే.

20. కాగితంపడవ

ఖాళీ వల్ల కూడా ఊనిక, అర్థం రెండూ మారతాయి. ఒకే మాటగా రాసిన లఙ-[అఫ్]-స్టంట్స్-లో-పర్, దూరపు పరుగు పందెం పరుగెత్తేవాడు. 'లఙ' తర్వాత ఖాళీ వదిలితే పొడుగ్గా ఉన్న పరుగువీరుడు. ఇంగ్లిషు ప్రభావంతో సమాసాలని విడగొట్టి రాసే అలవాటు అక్కడి కుర్రాళ్లలోనూ ఉంది, పరీక్షలో మాత్రం తప్పు కిందే లెక్క.

21. వెన్నెలగట్టు

ఇప్పుడు ఒకటి ప్రయత్నిస్తాను. జీలండ్‌లో (నెదర్లాండ్స్‌లో ఒక రాష్ట్రం) 1986లో ప్రారంభమైన తుపాను అడ్డుకట్ట: ఓస్టర్‌స్ఖెల్డకేరింగ్. తల 'కేరింగ్' (అడ్డు). ఎడమన 'ఓస్టర్' (తూర్పు) + 'స్ఖెల్డ' (నది పేరు). ఊనిక మొదటి పదం మీద: [ఓస్]-టర్-స్ఖెల్-డ-కే-రింగ్?

22. అతుకులబొంత

విరుపు సరిగ్గా చేశారు, ఆరు సిలబుళ్లు. ఊనిక మాత్రం సరిచేయాలి. 'ఓస్టర్‌స్ఖెల్డ' విశేషణం ముందు చేరిన నది పేరు, హోఖస్ఖోల్ గుంపులాంటిదే. ఒంటరిగా ఉన్నప్పుడే రెండో భాగం మీద ఊనుతుంది, అడ్డుకట్ట చేరాకా అక్కడే: ఓస్-టర్-[స్ఖెల్]-డ-(కే)-రింగ్.

తర్వాతిది మీకు వదిలేస్తున్నాను. 'స్టట్‌హౌయ్స్' కి 'ప్లెయ్న్' (కూడలి) తగిలిస్తే ఊనిక ఎక్కడ?

23. వెన్నెలగట్టు

స్టట్-[హౌయ్స్]-(ప్లెయ్న్).

24. అతుకులబొంత

అంతే.